సముద్రపు రాళ్ల మీద బొరుగులు

కువైట్ నుంచి,

చెల్లెలు మస్తానమ్మకు మీ అక్క నాగూరమ్మ దువాతో రాసేది. అల్లా దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను, నా గురించి దిగులు వద్దు. ధర్మవరంలో నువ్వు, మరిది, పిల్లలు, మీ ఇంటికి కాన్పుకు వచ్చిన నా కూతురు షమీమ్, అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను. షమీమ్ కాళ్లకు నీరు తగ్గిందా? ఉప్పు తగ్గించమని చెప్పాను, తగ్గించిందా, లేక ఊరగాయ జాడీ దగ్గరే కూర్చుంటోందా? అల్లుడు హిందూపురం నుంచి వారానికి ఒకసారైనా వచ్చి చూసి పోతున్నాడా? టైలర్లకు పెళ్లిళ్ల కాలంలో తీరిక ఉండదని నాకూ తెలుసు. అయినా రమ్మన్నానని చెప్పు.

క్షేమసమాచారం అయిపోయింది. ఇక మిగతాది షమీమ్ ముందు చదవకు. మిద్దె మీదికి పోయి, ఒక్కదానివే కూర్చుని చదువు.

నేను కాన్పుకు రావడం లేదు. మేడం ఇస్తానన్న సెలవు ఇప్పుడు ఇవ్వనంటోంది. అందుకు కారణం ఈ ఇంటివాళ్లు సగం, నువ్వు సగం. అవును, నువ్వే. ఎందుకో చెబుతాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావేమో. నీకు ఫోన్ చేస్తే మీ వీధి బూత్‌లో ఆయన వింటాడు, వరుసలో నిలబడ్డ వాళ్లందరూ వింటారు, నాలుగు మాటలు తిట్టేలోపల నా ఫోన్ కార్డు అయిపోతుంది. నాకు వచ్చిన కోపం కార్డులో పట్టేది కాదు. అందుకే రాస్తున్నాను. గాండ్లపెంట ఆయన ఒకాయన సెలవు మీద ఊరికి పోతున్నాడు, ఆయన చేతికి ఇస్తున్నాను.

ఈ ఇంట్లో హాలు గోడ పొడుగునా పెద్ద గాజుతొట్టి పెట్టారని పోయిన ఉత్తరంలో రాశాను కదా. మన హిందూపురం హోటళ్లలో బంగారు చేపలు తిరిగే తొట్టి లాంటిది కాదు. ఇది ఉప్పునీళ్ల తొట్టి. సముద్రాన్ని ఇంట్లో పెట్టుకోవాలని ఇంటి పెద్దబ్బాయికి సరదా పుట్టింది. దుకాణం వాళ్లు పెట్టెల నిండా రాళ్లు తెచ్చారు, తడి కాగితాల్లో చుట్టి. విప్పితే ఎండుచేపల సంతలో నిలబడినట్టు కంపు. వాటిని లైవ్ రాక్ అంటారట, అంటే ప్రాణమున్న రాళ్లు. వాటి సందుల్లో కంటికి కనబడని పురుగులూ పాచులూ బతికి ఉంటాయట. రాయికి ప్రాణమేమిటని నవ్వాను. ఇప్పుడు ఆ రాళ్లే నన్ను చూసి నవ్వుతున్నాయి.

పెద్దబ్బాయి సరదా ఒక నెల నడిచింది. తరువాత ఆఫీసు, స్నేహితులు, కొత్త కారు. తొట్టి నా నెత్తిన పడింది. పొద్దున లేచి వంట, తరువాత ఇల్లు తుడవడం, ఇస్త్రీ, మళ్లీ వంట, వీటి మధ్యలో ఈ తొట్టి. బయట ఎండ ఎట్లా ఉంటుందంటే, కొళాయి విప్పితే నీళ్లు కాచినట్టు వస్తాయి. దుమ్ము గాలి లేస్తే రెండు దినాలు కిటికీ తెరవలేం. లోపల ఏసీ చలికి నా మోకాళ్లు పట్టుకుపోతున్నాయి. తిండికి లోటు లేదు, మాంసం, అన్నం, రొట్టె అన్నీ ఉన్నాయి. సంగటి, చెనిక్కాయల చట్నీ మాత్రం కలలోనే. ఏమైనా నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు.

తొట్టి చూసేందుకు దుకాణం నుంచి బషీర్ అని ఒక మలయాళీ వస్తాడు. నిదానమైన మనిషి. నాకు వచ్చిన కొంచెం ఉర్దూ, ఆయనకు వచ్చిన కొంచెం హిందీ కలిపి మాట్లాడుకుంటాం. మొదట రాళ్ల మీద, ఇసుక మీద గోధుమరంగు పొడి పట్టింది. నాకు ఒళ్లు మండింది. నిన్న తుడిస్తే ఈరోజు మళ్లీ ఉంటుంది. కొత్త తొట్టిలో ఇది మామూలే, దానంతట అదే పోతుంది, వదిలెయ్యమన్నాడు బషీర్. నిజంగానే పోయింది. తరువాత రాళ్ల మీద అక్కడక్కడ వంకాయ రంగు మచ్చలు కనబడ్డాయి. పీచు తీసుకుని రుద్దబోయాను. ఆయన చేయి అడ్డం పెట్టి ఆపాడు. అది పాచే కానీ మంచి పాచి, గట్టిగా రాయిలాగా ఉంటుంది, గోటితో గీకినా రాదు, అది పెరిగితే తొట్టికి ఆరోగ్యమని చెప్పాడు.

ఆ దినం నుంచి బషీర్ వచ్చినప్పుడల్లా నేను పక్కనే నిలబడి నేర్చుకున్నాను. వెంట్రుకల మాదిరి పచ్చగా ఊగేది ఒకటి. దాన్ని వేళ్లకు చుట్టుకుని మొదలుతో పీకాలి. పచ్చపూసల మాదిరి గుండ్రంగా మెరిసేది ఇంకొకటి. అది చూడడానికి ముద్దొస్తుంది కానీ పగలగొడితే తొట్టంతా వ్యాపిస్తుంది, పగలకుండా తిప్పి ఊడదీయాలి. అన్నిటికన్నా పాపిష్టిది ఎర్రటి జిగురు. రాయి మీద గుడ్డ పరిచినట్టు పరుచుకుంటుంది, లైటు వెలుతురులో కింద నీటిబుడగలు పడతాయి, చిటికెడు లాగితే పొరగా ఊడివస్తుంది, వాసన ముక్కు పగలగొడుతుంది. రంగు చూసి మోసపోకు, పట్టి చూడు, లాగి చూడు, వాసన చూడు అని బషీర్ చెప్పేవాడు. నాకు ఇదంతా బాగా పట్టుబడింది. అదే నా కొంప ముంచింది, అది తరువాత చెబుతాను.

చేపలకు మేత వేయడానికి ఆయన ఒక చిన్న చెంచా ఇచ్చాడు. దినానికి ఒక్కసారి, ఆ చెంచాడే. అంతకంటే పలుకు ఎక్కువైనా మిగిలింది కుళ్లి పాచికి ఎరువవుతుందట. నేను ఆ చెంచా దాటలేదు. నా బిడ్డ మీద ఒట్టు.

తొట్టి చక్కబడుతున్న సమయంలో గంగమ్మ వచ్చింది. ఎవరు పంపారు? నువ్వు. బత్తలపల్లి మనిషి, నోట్లో నాలుక లేని మనిషి, పని ఇప్పించక్కా అని నా ప్రాణం తీసి పంపావు. మేడంను బతిమాలి వంటింట్లో సాయానికి పెట్టించాను. గంగమ్మ వచ్చిన దినం నేను ఏడ్చాను మస్తానీ, అబద్ధమెందుకు. తెలుగు మాట చెవిన పడి ఎన్నాళ్లయిందో. నువ్వు పంపిన చింతపండు, చెనిక్కాయల పొడి, బొరుగులు అన్నీ చేతికి ఇచ్చింది. ఇంకో బొరుగుల సంచి తన పెట్టెలోనే పెట్టుకుంది. తను తినడానికి తెచ్చుకుందేమో అనుకున్నాను.

ఆ తరువాత తొట్టి పాడైపోవడం మొదలుపెట్టింది. పీకిన వెంట్రుకలు నాలుగు దినాలకే మళ్లీ జడంత. ఎర్రజిగురు ఇసుకంతా పాకింది. నీళ్లు వాసన కొడుతున్నాయి. ఒక చేప చచ్చింది. వీటికి తోడు వెనకవైపు రాళ్ల సందుల్లో కొత్తది ఒకటి మొలిచింది. తెల్లగా, మెత్తగా, ఉబ్బి, పైన నూగు పట్టి. పట్టుకుంటే వేళ్ల మధ్య జారిపోతుంది. నేను బషీర్‌కు చూపించాను. ఆయన అద్దం పెట్టి చూశాడు. తన బొమ్మల పుస్తకం మొదటి నుంచి చివరి వరకు తిప్పాడు, ఏ బొమ్మా కలవలేదు. ఇది పాచి కాదు, సముద్రంలో పెరిగే స్పాంజి జీవుల జాతి ఏదైనా కావొచ్చు, దుకాణంలో పెద్దాయనను అడుగుతానని కొంచెం సీసాలో వేసుకుని కూడా పోయాడు. పోతూ పోతూ, ఈ తొట్టిలో ఎవరో మేత ఎక్కువ వేస్తున్నారు అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను తప్ప ఎవరూ వేయరు, నేను వేయలేదు అని గట్టిగా అరిచాను ఆయన మీద. పాపం, సీసా సంచిలో పెట్టుకుని పోయాడు.

రెండు వారాల కిందట, శుక్రవారం పొద్దున ఇంటివాళ్లు ఇంకా లేవలేదు. హాలు తుడిచి పోయి, గుడ్డ మరిచిపోయి వెనక్కి వచ్చాను. గంగమ్మ తొట్టి పక్కన స్టూలు మీద నిలబడి ఉంది. కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. పిడికిలి విప్పింది. బొరుగులు.

"ఏం చేస్తాండావే నువ్వు?" అన్నాను.

ఆమె గబుక్కున పిడికిలి మూసింది. "ఏం లేదక్కా. చేపలకు ఎన్ని దినాలైనా ఆ చెంచాడేనా? పాపం కదా."

"యాడివే ఆ బొరుగులు?"

"మీ చెల్లెలు ఇచ్చింది. నీకు చెప్పొద్దనింది. కాన్పు లోపల అక్క రావల్ల, దినామూ పిడికెడు చేపలకు ఎయ్యి, నేను మొక్కుకున్నా అనింది. ఆయమ్మ మొక్కు, నా చేతులు, అంతే అక్కా. నేనొక్క దినం కూడా తప్పలా."

ఒక్క దినం కూడా తప్పలేదట. ఎంత నమ్మకస్తురాలిని వెతికి పంపావు తల్లీ.

ఆ తెల్లటి వింత మొక్క ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. బొరుగులు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉగ్గాని తిన్న దాన్ని, నీళ్లలో నానిన బొరుగును చేత్తో పట్టుకుని కూడా గుర్తుపట్టలేక ఒక మలయాళీ చేత పుస్తకం తిప్పించాను. ఆ మనిషి దాన్ని సీసాలో పెట్టి పెద్దాయనకు చూపించాడు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

మస్తానీ, నీకు బుద్ధి ఉందా? పెనుకొండ చెరువు గట్టున మనమ్మ చేపలకు బొరుగులు వేసేది, నిజమే. ఒళ్లు బాగాలేకపోతే వేసేది, నాయన లారీతో ఊరు దాటితే క్షేమంగా తిరిగి రావాలని వేసేది. ఆ చెరువు ఎంత, ఈ తొట్టి ఎంత? ఆ చేపలు ఎగబడి తినేవి. ఈ సముద్రపు చేపలు బొరుగును ముక్కుతో కూడా ముట్టుకోవు. అవి నాని, రాళ్ల వెనక్కి పోయి కుళ్లి, పాచికి పండగ చేశాయి. మొక్కుకోదలుచుకుంటే అక్కడే మొక్కుకోకూడదా? నీ చేత్తో నీ ఊరి చేపలకు వేసుకోకూడదా? నేనున్న చోటే జరగాలని ఎవరు చెప్పారు నీకు? పైగా నాకు చెప్పొద్దని. చెబితే మొక్కు ఫలించదనా, నేను తిడతాననా?

నేను గంగమ్మను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆమె వంటింటి గడపలో కూర్చుని, "నన్ను పంపించేస్తారా అక్కా? నా మొగుడు మంచం మీద ఉండాడు" అని ఒక్కటే ఏడుపు. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమెను మరుసటి విమానానికే ఎక్కిస్తారు. కోపాన్ని మింగి, చేతులు భుజాల దాకా ముంచి, రాళ్ల సందుల్లోని బొరుగులన్నీ ఏరాను. ఉప్పునీళ్లకు వేళ్లు పగిలి మంట.

అదే వారంలో మేడంను సెలవు అడిగాను. టిక్కెట్టు తీసే సమయం వచ్చింది కదా. మొదట సరే అనే అన్నది. పెద్దబ్బాయి తొట్టి వైపు చూశాడు. అంత డబ్బు పోసి పెట్టింది ఇట్లా అయిందేమిటి, ఇప్పుడు ఈమె పోతే ఎవరు చూస్తారు, ఏది పీకాలో ఏది ఉంచాలో ఈ ఇంట్లో ఈమెకు తప్ప ఎవరికి తెలుసు అన్నాడు. తొట్టి పెట్టింది వాడు. పేరు పెట్టి పిలవడానికి కూడా వాడికి ఆ పాచుల్లో ఒక్కటీ రాదు. చేతులు తడుపుకోడు. నా కూతురి తొలి కాన్పు కంటే వాడికి రాళ్లు ఎక్కువైపోయాయి. నేను నిలబడి చెప్పాను మేడంకు. మా దాంట్లో తొలి కాన్పు తల్లి చేతుల మీద జరగాలి, దానికి తండ్రి లేడు, ఉన్నది నేనొక్కదాన్నే అని. ఆమె కూడా ఆడదే, ఆమెకూ కూతుళ్లు ఉన్నారు. తల ఊపింది. పాపం అన్నది. తొట్టి చక్కబడ్డాక పొమ్మన్నది.

ఎప్పుడు చక్కబడుతుందని బషీర్‌ను అడిగాను. ఎక్కువ మేత ఆగితే తగ్గుతుంది, కానీ తొందరపడి లాభం లేదు, రెండు మూడు నెలలు పడుతుందన్నాడు. షమీమ్‌కు ఉన్నది ఒక్క నెల.

అయినా ఊరుకోలేదు నేను. గంగమ్మకు నేర్పుతాను, నాకు బదులు ఆమె చూసుకుంటుందంటే నన్ను పంపుతారా అని అడిగాను. బషీర్ ముందు ఆమె అన్నీ సరిగ్గా చూపిస్తే పంపుతామన్నారు. తొట్టిని నాశనం చేసిన మనిషికే తొట్టి పాఠం చెప్పాను మస్తానీ, నా ఖర్మ చూడు. వారం పాటు చెవిలో జోరీగలాగా చెప్పాను. పట్టి చూడు, లాగి చూడు, వాసన చూడు. మంచి పాచి గట్టిగా ఉంటుంది, రాదు. చెడ్డది పొరగా వస్తుంది. సరే అక్కా, సరే అక్కా అన్నది.

బషీర్ వచ్చాడు. మేడం, పెద్దబ్బాయి కూర్చున్నారు. ఏది తీయాలో చూపించమన్నారు. గంగమ్మ నేరుగా పోయి, చాకుతో ఆ వంకాయ రంగు మచ్చను గీకడం మొదలుపెట్టింది. ఎర్రజిగురును ముట్టుకోనే లేదు. నేను బయటికి లాక్కొచ్చి ఎందుకే అంటే ఏమన్నదో తెలుసా?

"ఎర్రగా కుంకుమ మాదిరి ఉండాది కదక్కా. దాన్ని పీకేదానికి చెయ్యి రాలా. నువ్వు బిడ్డ కాన్పుకు పోతాండావు, అపశకునం అవుతాదేమోనని."

నేను అక్కడే, మెట్ల మీద కూర్చుండిపోయాను. నీకు నామీద ప్రేమ, దానికి నామీద ప్రేమ. మీ ఇద్దరి ప్రేమా కలిసి నన్ను ఇక్కడ కట్టేసింది. శత్రువులు కూడా ఇంత పని చేయలేరు.

అది జరిగి మూడు దినాలైంది. గంగమ్మతో మాట్లాడడం లేదు. ఆమె నా పళ్లెంలో మాంసం ముక్కలు ఎక్కువ వేస్తోంది, నేను తీసి పక్కన పెడుతున్నాను. పాచి పీకుతూనే ఉన్నాను. ఎర్రజిగురు పైపుతో లాగి పారేస్తున్నాను. అది పోయేకొద్దీ నేను వచ్చే దినం దగ్గరవుతుంది కదా, అందుకని పని మానలేదు. మనవడో మనవరాలో నవ్వడం నేర్చేసరికి వస్తానేమో. అప్పటి దాకా తల్లీబిడ్డలను నీ దగ్గరే ఉంచుకో.

ఇక పనులు చెబుతాను, కోపంలో మరిచిపోయేలా ఉన్నాను. మంత్రసాని మీద వదలకు, ఆసుపత్రికే తీసుకుపో. నొప్పులు ముందే మొదలైతే పుట్టపర్తి ఆసుపత్రికి కారు మాట్లాడమని మరిదికి ఇప్పుడే చెప్పి ఉంచు, అప్పటికప్పుడు మగ్గం దిగి వెతుక్కోవడం కాదు. పాత చీరలు ఉతికి, ఎండలో ఆరబెట్టి, చింపి పెట్టుకో. కొత్త గుడ్డ బిడ్డకు ఒరుసుకుంటుంది. నేను రావడం లేదని షమీమ్‌కు నువ్వే చెప్పాలి. తొట్టి సంగతి, బొరుగుల సంగతి చెప్పకు. తన కోసం మొక్కిన మొక్కే తన తల్లిని ఆపిందని దానికి ఎందుకు తెలియాలి? సెలవు దొరకలేదని చెప్పు చాలు. ఆ మాట మన కువైట్ ఆడవాళ్లందరూ ఇళ్లకు రాసేదే, అనుమానం రాదు. ఇంకెవరి చేతికీ బొరుగులు పంపకు. చింతపండు పంపు.

మరిదికి సలాము చెప్పు. మీ అత్తగారి చేతులు నా తరపున కళ్లకు అద్దుకుని దువా చేయమని అడుగు. పెనుకొండలో మన పెద్దనాయనకు, పెద్దమ్మకు సలాములు. పిల్లలకు ముద్దులు. నా ఆరోగ్యం బాగానే ఉంది, బీపీ మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నాను.

ఇంకొక్క మాట. నీ మీద కోపం పోయిందని రాయడం లేదు. పోలేదు. అయినా ఈ పని నువ్వు తప్ప చేసేవాళ్లు లేరు. నొప్పులు ముదిరాక షమీమ్ అమ్మా అని అరుస్తుంది. అమ్మ పక్కన ఉన్నా లేకున్నా ఆడవాళ్లందరూ అరుస్తారు, నువ్వూ నేనూ అరిచాం. అప్పుడు మీ అమ్మ ఇక్కడ లేదమ్మా, నేను చిన్నమ్మను అని దానికి నచ్చజెప్పకు. మన ఇద్దరిదీ ఒకే గొంతు. తలుపు అవతలి నుంచి పిలిస్తే నాయనే పోల్చుకోలేకపోయేవాడు. కాబట్టి అది అమ్మా అన్న ప్రతిసారీ, ఎన్నిసార్లు అన్నా విసుక్కోకుండా, ఊ అని నువ్వు పలుకు.

ఇట్లు,
నీ మీద మండిపడుతూనే నిన్నే నమ్ముకున్న
మీ అక్క నాగూరమ్మ